మనోళ్ళు చదివిన మెయిలు

"ఈ సందేశంలోని విషయం గోప్యం. ఇది ఎవరికి ఉద్దేశించినదో వారు తప్ప మరొకరు చదవరాదు. పొరపాటున మీకు చేరితే వెంటనే తొలగించండి."

ఈ మాటలను నేను మొదటిసారి శ్రద్ధగా చదివింది ఎర్రగుంట్లలోని ఒక టీ హోటల్లో, మిరపకాయ బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితం మీద. మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. నూనె పీల్చుకున్న చోట అక్షరాలు మరింత నల్లబడి స్పష్టంగా కనిపిస్తున్నాయి. కాగితం పైభాగాన ఉన్న మెయిలు చిరునామా మా ఆఫీసుది.

"ఈ కాగితాలు మీకెట్లా వస్తున్నాయి?" అని హోటలాయనను అడిగాను.

"నెట్ సెంటరాయన ఇస్తాడుమ్మా. మీ ఆఫీసు కాగితాలు శానా మంచివి. వెనకపక్కంతా తెల్లగా ఉంటాది, సిరా అంటదు" అన్నాడాయన, మెచ్చుకుంటున్నట్టుగా.

అప్పటికి నేను ఆ ఆఫీసులో చేరి ఎక్కువ కాలం కాలేదు. కర్నూలులో డిగ్రీ చదివినంత కాలమూ తరగతి గదుల్లో కంటే చర్చా వేదికల మీద ఎక్కువగా నిలబడిన దాన్ని. ఆ తరువాత సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పే ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం దొరికితే ఎర్రగుంట్లకు వచ్చాను. మెయిళ్ళు చూడడం, వాటికి జవాబులు రాయడం నా పని అన్నారు. కాంట్రాక్టరును అక్కడ అందరూ "అన్న" అంటారు. ఆయన కింద ఒక మేనేజరు. ఆ మేనేజరుకు తెర మీద అక్షరాలు చదవడం గిట్టదు. కాగితం చేతిలో పడితే తప్ప అది ఆయన దృష్టిలో సమాచారం కాదు.

బజ్జీల కాగితం తీసుకువెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"దీంట్లో ఏముందని పాపా? రహస్యం అని రాసిండేది తప్ప రహస్యమేమీ లేదు గదా!" అని, తన హాస్యానికి తానే నవ్వుకున్నాడు.

మా మెయిలు చరిత్ర నాకు తెలిసింది ఆ రోజే. చాలా ఏళ్ళ కిందట ఫ్యాక్టరీవాళ్ళు "మీకు మెయిలు ఐడీ ఉందా?" అని అడిగినప్పుడు, అన్న రోడ్డు దాటి ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకు వెళ్ళి "మాకొక మెయిలు పెట్టియ్యప్పా" అన్నాడట. నెట్ సెంటరాయన దానికి తన ఫోను నంబరే ఇచ్చుకున్నాడు. అప్పటినుంచీ మా మెయిలు తెరిచేది ఆయన, చదివేది ఆయన, అచ్చు తీసి పంపేదీ, మిగిలిన కాగితాలు టీ హోటలుకు ఇచ్చేదీ ఆయన. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న తరువాత కూడా ఆ పద్ధతి ఆగలేదు. పొద్దున నేను కంప్యూటరు ముందు కూర్చునేసరికి వచ్చిన ప్రతి మెయిలూ ఎవరో ఒకసారి తెరిచినదే అయి ఉండేది.

పాస్‌వర్డు సంగతి ఇంకా అన్యాయం. అన్నకు తాతగారంటే ప్రాణం. ప్రతి లారీ నుదుట ఆయన పేరు పెద్ద అక్షరాలతో రాయించాడు. లారీలన్నిటికీ సిరీసు ఏదైనా చివరి అంకెలు ఒకటే వచ్చేటట్టు పట్టుబట్టి ఫ్యాన్సీ నంబరు తెచ్చుకున్నాడు. తాతగారి పేరు, దాని పక్కన ఆ నంబరు: అదే మా పాస్‌వర్డు. ఒక రవాణా సంస్థ తన తాళంచెవిని రంగుల్లో రాయించి, పూలదండ వేసి, చెన్నై దాకా బెంగళూరు దాకా ఊరేగిస్తోందన్నమాట. ఇది మార్చాలని చెబితే మేనేజరు బాధపడ్డాడు. "తాత పేరు తీసేయమంటావా? అన్న ముందర నువ్వే పోయి ఆ మాట అను."

ఇదంతా నేను తమాషాగా చెబుతున్నట్టు అనిపిస్తే అది నా రాతలోని లోపం. తమాషా కాదు. ఆ మెయిలులో లారీల లెక్కలు మాత్రమే ఉండేవి కావు. మనుషులు ఉండేవారు.

ఫ్యాక్టరీవాళ్ళు ఒక నియమం తెచ్చారు. గేటు లోపలికి వచ్చే ప్రతి డ్రైవరూ వైద్య పరీక్షలు చేయించుకోవాలి. కడపలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి మా డ్రైవర్లను విడతలుగా పంపాం. రిపోర్టులన్నీ నేరుగా మా ఆఫీసు మెయిలుకే వచ్చేవి. ఎవరికి షుగరు ఉంది, ఎవరి గుండె ఎట్లా కొట్టుకుంటోంది, ఎవరి రక్తంలో ఏముంది, అన్నీ. ఆ రిపోర్టులను తెరవడానికి ఆసుపత్రివాళ్ళు ఒక పాస్‌వర్డు పెట్టారు. ఆ పాస్‌వర్డు ఏమిటో అదే మెయిలు కింద రాసి పంపారు.

మా డ్రైవర్లలో కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న కోసిగి వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. వానలు లేక ఊరంతా పనులకు వలసపోతున్న కాలంలో ఎర్రగుంట్లకు చేరి, సిమెంటు బస్తాలు మోసి, క్లీనరుగా తిరిగి, చివరికి స్టీరింగు ముందుకు వచ్చినవాడు. ఆయన లారీ ఎక్కేటప్పుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు. ఎవరైనా నవ్వితే "నీ ఇంట్లోకి నువ్వు చెప్పులేసుకొని పోతావేమప్పా?" అనేవాడు. ఆయన ఛాతీ ఎక్స్‌రే రిపోర్టు వచ్చిన రోజు ఆయన చెన్నై లోడుకు వెళ్ళి ఉన్నాడు. టీబీ అని అనుమానం ఉందని, కళ్ళె పరీక్ష చేయించాలని డాక్టరు రాశాడు.

ఆ మెయిలు కూడా నేను చూసేసరికే తెరిచి ఉంది. ఆయన తిరిగి రాగానే పక్కకు పిలిచి, మెల్లగా చెప్పి, పరీక్షకు పంపించాలని నేను అనుకున్నాను. ఆయన వచ్చాడు. లారీ ఆపి, అలవాటు ప్రకారం ముందు టీ హోటలుకే వెళ్ళాడు. లారీని కిటికీలోంచి చూసి నేను రోడ్డు దాటి వెళ్ళేసరికి ఆయన చేతిలో కాగితపు కప్పు ఉంది. చుట్టూ ఉన్న అందరి చేతుల్లోనూ గాజు గ్లాసులు.

"ఏమప్పా, నాకొక్కనికే కప్పు? గ్లాసులు కరువైనాయా?" అని ఆయన హోటలాయనను అడుగుతున్నాడు.

"కప్పు శుభ్రమప్పా."

"అట్లయితే వీళ్ళందరికీ మురికి గ్లాసుల్లో పోస్తాండావా? ఒరే, ఇనండ్రా, మీకందరికీ మురికి గ్లాసులంట!"

ఎవరూ నవ్వలేదు. బెంచీ మీద ఆయన పక్కన కూర్చున్నవాడు జరిగి కూర్చున్నాడు.

హోటలాయన టీ వడగట్టే గుడ్డను పిండుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "నీ మంచికేలే. ఊపిరితిత్తులంట గదా. మీ ఆఫీసులోనే కనుక్కోపో."

డ్రైవరు నన్ను చూశాడు. "ఏంది మేడమ్, ఏమంటాండాడు ఈయప్ప?"

తనకు ఏ జబ్బు ఉండవచ్చునో ఒక మనిషికి కాగితపు కప్పు చెప్పింది. మిగిలినది నేను చెప్పాల్సి వచ్చింది, సిమెంటు దుమ్ము లేస్తున్న రోడ్డు పక్కన, లారీ నీడలో నిలబడి. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "నాకంటే ముందు ఎంతమందికి తెలుసు మేడమ్?" ఆ సాయంత్రానికి జవాబు కొంత తెలిసింది. ఆయన అద్దెకుంటున్న గది యజమాని, సున్నం వేయించాలి, ఖాళీ చేయమని చెప్పాడు.

మరునాడు అన్న గదిలో అందరం కూర్చున్నాం. అన్న, మేనేజరు, నేను, డ్రైవరు. నెట్ సెంటరాయనను పిలిపించారు. డ్రైవరు నోటికి తువ్వాలు అడ్డం కట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎవురికి చెప్పినావప్పా ఈ సంగతి?" అని అన్న అడిగాడు.

నెట్ సెంటరాయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఎవురికి చెప్తానన్నా? బయటోళ్ళకా? టీ హోటలాయనకు ఒక్కనికే చెప్తిని. మనోడే గదా. నలుగురు తాగే గ్లాసులు, జాగ్రత్తప్పా అంటిని."

టీ హోటలాయన గది యజమానికి చెప్పాడు. ఆయన కూడా మనోడే. గది యజమాని ఇంకెవరెవరికి చెప్పాడో, వాళ్ళు కూడా మనోళ్ళే అయి ఉంటారు.

అన్నకు కోపం తగ్గినట్టయింది. నా వైపు తిరిగి, చిన్నపిల్లకు చెబుతున్నట్టుగా అన్నాడు. "మన మెయిలు మనోళ్ళు చూస్తే తప్పేముందమ్మా? బయటికేం పోలేదు గదా."

కాలేజీలో మాకు చర్చ నేర్పిన అధ్యాపకురాలు ఒక్క సూత్రం మీద పట్టుబట్టేవారు. ఎదుటివారి వాదనను ఖండించే ముందు వారి వాదన ఏ పదం మీద నిలబడి ఉందో వెతకండి, ఆ పదానికి అర్థం అడగండి. ఆ గదిలో వాదనంతా "మన" అనే రెండక్షరాల మీద నిలబడి ఉంది. మన భాష ఈ విషయంలో ఎంతో జాగ్రత్త తీసుకుంది. వినేవారిని కలుపుకుంటే "మనం", వినేవారిని వదిలేస్తే "మేము". ఈ తేడా చంటిపిల్లలకు కూడా తెలుసు. అన్న "మన మెయిలు" అన్నప్పుడు తలుపు దగ్గర నిలబడిన మనిషిని కలుపుకున్నట్టే వినిపించింది. అసలు కలుపుకోలేదు. "మేము" అనవలసిన చోట "మన" అన్నారు. నెట్ సెంటరాయన మనోడు, హోటలాయన మనోడు, గది యజమాని మనోడు. ఎవరి ఊపిరితిత్తుల గురించి ఇంత పంచుకున్నారో ఆ ఒక్కడు ఆ లెక్కలో లేడు. పడమటి పల్లెల నుంచి బస్తాలు మోయడానికి వచ్చినవాడు ఎన్నేళ్ళయినా వచ్చినవాడే.

ఇదే మాట నేను గట్టిగానే అన్నాను. "అన్నా, మనోళ్ళు అంటున్నారు. ఆ మనలో ఈయన ఉన్నారా? ఉంటే, అందరికంటే ముందు ఈయనకు తెలియాలి. లేకపోతే, అందులో ఉన్నది ఈయన సంగతి, దాన్ని తెరిచినవాళ్ళు బయటివాళ్ళు. రెండింటిలో ఏదైనా సరే, తప్పు జరిగింది."

"వచ్చెనప్పా డిబేటమ్మ. మైకు తెప్పించాల్నా?" అన్నాడు మేనేజరు. తరువాత గొంతు మార్చి, "ఉన్నమాటే గదా పాపా చెప్పినాడు. అబద్ధమేమన్నా పుట్టించినాడా?" అన్నాడు.

నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఈ మాటే. ఇప్పటికీ తెప్పిస్తుంది. ఒక విషయం నిజం కావడం, అది అందరి సొత్తు కావడం ఒకటేనని నమ్మేవాళ్ళు చదువుకున్నవాళ్ళలో కూడా ఎంతోమంది ఉన్నారు. నిజం కాబట్టే దాచుకునే హక్కు ఉండాలి. అబద్ధాన్ని ఖండించవచ్చు. నిజాన్ని ఆ మనిషి ఏమని ఖండిస్తాడు? ఇది చెప్పబోతుండగా తలుపు దగ్గర నుంచి ఆయనే మాట్లాడాడు.

"మెయిలు మీదేలే అన్నా. ఊపిరితిత్తులు నావి."

అన్న మెత్తబడ్డాడు. చెడ్డమనిషి కాదు, అందుకే ఆయనతో వాదించడం కష్టం. "నీ మందులకు, తిండికి ఏం కావాలన్నా నేను చూసుకుంటాలేప్పా" అన్నాడు.

"దుడ్లు కాదన్నా నేనడిగేది. నయమై వస్తే లారీ మళ్ళా నా చేతికిస్తారా? అదొకటి చెప్పండి."

"డాక్టరు రాసిస్తే లారీ నీదే. నా మాట."

కళ్ళె పరీక్షలో జబ్బు ఉన్నదనే తేలింది. ఆయన ఊరికి వెళ్ళిపోయాడు, అక్కడి సర్కారు ఆసుపత్రిలో మందులు మింగుతానని. లారీ తాళాలు నా బల్ల మీద పెడుతూ "ఇంకెవురికన్నా ఇస్తే చెప్పులు విప్పి ఎక్కమని చెప్పండి మేడమ్" అన్నాడు.

ఆయన వెళ్ళిన తరువాత నేను మెయిలు పని పట్టాను. పాస్‌వర్డు మార్చడానికి కూర్చుంటే, మీ ఫోనుకు ఒక కోడు పంపాం, దాన్ని ఇక్కడ వేయండి అని తెర మీద వచ్చింది. కోడు వెళ్ళింది నెట్ సెంటరాయన ఫోనుకు! తాళం మార్చాలంటే ఎవరి నుంచి తాళం వేసుకోవాలో ఆయన అనుమతే కావాలి. రోడ్డు దాటి వెళ్ళి అడిగాను.

"నా నంబరు తీసేస్తాండావు. దానికి కోడు నన్నే అడగతాండావు. నీకు శానా ధైర్యమమ్మా" అన్నాడాయన.

"మా మెయిలు మేం చూసుకుంటాం" అన్నాను. కావాలనే "మేం" అన్నాను.

"ఇన్నేండ్లు నేను చూడకపోయింటే మీ లారీలు ఒక్కటన్నా గేటు దాటిండునా?" అని అడిగాడు. అందులో నిజముంది. ఆయన ఉపకారం చేశాడు. ఉపకారం చేసినవాడికి ఇంట్లోని అన్ని గదులూ తెరిచి పెట్టాలా అన్నదే నా ప్రశ్న. విసుక్కుంటూనే కోడు చదివి చెప్పాడు. ఆయన నంబరు తీసేసి ఆఫీసు ఫోను నంబరు పెట్టాను. కొత్త పరికరం నుంచి ఎవరు తెరవబోయినా ఆ ఫోనుకు కబురు వచ్చేటట్టు చేశాను. తాతగారి పేరు లారీల మీద మాత్రమే మిగిలింది. అచ్చు తీసే యంత్రం ఒకటి ఆఫీసులోకే వచ్చింది. మేనేజరు నాతో చాలా రోజులు పొడిపొడిగా మాట్లాడాడు. "ఎవుర్నీ నమ్మని పిల్ల" అని నా గురించి పక్క ఆఫీసులో చెప్పాడని తెలిసింది.

ఇంత చేసినా అసలు తప్పు అలాగే ఉందని నాకు తోచింది. తాళం ఎంత గట్టిదైనా, ఆ పెట్టెలోకి ఆ రిపోర్టులు రావడమే ఎందుకు? ఒక డ్రైవరు గురించి మా ఆఫీసుకు తెలియవలసినది ఒక్క మాట: లారీ నడపవచ్చా, కూడదా. జబ్బు పేరుతో మాకేం పని? కడప ఆసుపత్రికి ఫోను చేసి, రిపోర్టు ఎవరిదో వారికే ఇవ్వండి, మాకు ఆ ఒక్క మాట రాసి పంపండి అన్నాను.

"అందరికీ ఇట్లే పంపిస్తాండామమ్మా. ఎవురూ అడగలేదే?" అంది అవతలి అమ్మాయి.

"తాళం వేసి తాళంచెవి దానికే కట్టి పంపిస్తున్నారు కదా, అది కూడా ఎవరూ అడగలేదా?" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. పదే పదే అడిగితే, చివరికి అన్న చేత ఒక లేఖ రాయిస్తే, ఒప్పుకున్నారు.

వేసవి పోయి, వానలు పడీ పడక అవి కూడా అయిపోయిన తరువాత ఒకరోజు కడప ఆసుపత్రి నుంచి, మందుల కాలం ముగిశాక చేసిన పరీక్ష మీద, ఒక మెయిలు వచ్చింది. ఆ డ్రైవరు లారీ నడపడానికి అర్హుడు. అంతే, ఒకే వాక్యం. దాని కింద మాత్రం ఈ సందేశం గోప్యమంటూ దానికి నాలుగింతల పొడవున పాత మాటలే ఉన్నాయి. తెరవక ముందు అది లావు అక్షరాల్లో ఉంది. ఈసారి ఆయన సంగతిని నాకంటే ముందు ఎవరూ తెరవలేదు.

ఆయన ఆ మధ్యాహ్నమే వచ్చాడు. మొహంలో కండ పట్టింది. అన్న లేచి వచ్చి భుజం తట్టాడు. తాళాలు స్వయంగా చేతిలో పెట్టాడు. ఆ ఉత్సాహంలోనే ఫోను తీశాడు. "మనోనికి నయమైందని వాట్సాప్ గ్రూపులో పెట్టేద్దామమ్మా. ఆ మెయిలు ఫొటో తీసి నాకు పంపు. ఈ హోటలాయనకు, ఆ గది ఓనరుకు అందరికీ తెలిసిపోతాది."

అన్న వేలు అప్పటికే తెర మీద ఉంది. ఆయనకు అది తప్పని తోచనే లేదు. నాకు కూడా ఆ క్షణాన సరిగ్గా ఎట్లా కాదనాలో తెలియలేదు. ఆ ఒక్క ఫొటో వెళితే కాగితపు కప్పు పోతుంది, గది దొరుకుతుంది. వెళ్ళకపోతే అనుమానం అట్లాగే ఉంటుంది. మా నిర్లక్ష్యం ఆ మనిషిని ఎక్కడికి తెచ్చిందో అప్పుడు అర్థమైంది. పోయిన పరువు తిరిగి రావాలంటే తన ఒంటి సంగతి మళ్ళీ పదిమంది ముందు పరచుకోవాలి. చేయని తప్పుకు సాక్ష్యం చూపించమన్నట్టు.

"వద్దన్నా" అన్నాడాయన.

"మంచిమాటే గదప్పా!" అన్నాడు మేనేజరు.

"చెడ్డమాట మీరే చెప్తిరి. మంచిమాట గూడా మీరే చెప్పేస్తే నేనెందుకింక?"

అన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. నేను మెయిలు మూసేశాను.

ఆయన తాళాలు తీసుకుని రోడ్డు దాటాడు. లారీ కాగితాలు ఇవ్వాల్సి ఉండి నేనూ వెనకే వెళ్ళాను. లారీ ఎక్కే ముందు ఆయన టీ హోటలు దగ్గర ఆగాడు.

"ఏమప్పా, శానా రోజులాయె! నయమైందా?" అని హోటలాయన అడిగాడు. బెంచీ మీదివాళ్ళంతా తలలు తిప్పారు.

"ఏంది నయమయ్యేది? టీ పోయి."

హోటలాయన చెయ్యి కప్పుల వైపు వెళ్ళింది. అక్కడ ఆగింది. గ్లాసుల వైపు చూసి, మళ్ళీ ఆయన మొహంలోకి చూశాడు. "దేంట్లో పొయ్యమంటావు?"

"అందరికీ దేంట్లో పోస్తాండావు?"

"గ్లాసులోనే."

"మరి నన్నెందుకు అడగతాండావప్పా?"

హోటలాయన గ్లాసు తీసి, వేడినీళ్ళతో ఒకసారికి రెండుసార్లు కడిగి, టీ పోశాడు. ఆయన నిలబడే తాగాడు, తొందర లేకుండా. బెంచీ మీద ఎవరూ జరిగి చోటివ్వలేదు. ఖాళీ గ్లాసును అందరి గ్లాసులున్న తొట్టిలోనే, వాటి మధ్యనే వేసి, లారీ దగ్గరికి వచ్చి చెప్పులు విప్పాడు.